తొలి దండయాత్ర - నాగరికత లెక్క

సాహిత్య విమర్శకు కంప్యూటరు ఆటతో ఏం పని అని అడిగే మిత్రులకు ముందుగా సమాధానం చెప్పవలసి వుంది. మనిషి తన గతాన్నీ, తన సాటి మనిషినీ ఏ కళ్ళతో చూస్తున్నాడో పరిశీలించడం విమర్శకుడి పని. ఒకప్పుడు ఆ కళ్ళను తయారు చేసినవి పురాణమూ, హరికథా, చారిత్రక నవలా, సినిమా. ఇవాళ వాటి సరసన ఆట కూడా చేరింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో నాకు తెలిసిన కళాశాల విద్యార్థుల్లో చారిత్రక నవల ఒక్కటీ చదవనివాళ్ళు వున్నారు. కాని ఈజిప్టు యుద్ధరథాల గురించీ, రోము సైనికుల గురించీ, కంచు గొడ్డళ్ళ గురించీ గంటసేపు మాట్లాడగలరు. ఆ పరిజ్ఞానం వాళ్ళకు 'సివిలైజేషన్' అనే ఆట నుంచి వచ్చింది. బీడీలు చుట్టే తల్లి, సాంచాల మీద పనిచేసే తండ్రి, గల్ఫుకు పోయిన అన్న - వీళ్ళ రెక్కల కష్టం మీద చదువుకుంటున్న పిల్లలు వాళ్ళు. వారిలో ఒకడు నాతో అన్నాడు: "ముందుగల్ల కొట్టినోనిదే రాజ్యం సార్. చరిత్రంతా గంతే గద." ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా మైక్రోప్రోస్ సంస్థ 1991లో దీన్ని విడుదల చేసింది. అప్పటినుంచి ఎన్నో రూపాలు మార్చుకుంటూ 2025 నాటికి ఏడవ రూపానికి వచ్చింది. చదరంగంలో లాగే ఇందులో ఎత్తులు వంతులవారీగా పడతాయి. క్రీస్తు పూర్వం 4000 నాడు ఒక చిన్న గుంపుతో ఆట మొదలౌతుంది. ఆటగాడు ఊరు కడతాడు, పొలాలు దున్నిస్తాడు, విద్యలు నేర్పిస్తాడు, సైన్యం పెంచుతాడు. చివరికి అంతరిక్ష నౌకను కూడా పంపుతాడు. ఈ జాతి ఆటలకు 1993లో అలన్ ఎమ్రిక్ అనే రచయిత నాలుగు మాటల్లో లక్షణం చెప్పాడు: వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, నిర్మూలించడం. మూడో మాటకు ఇంగ్లీషులో దోచుకోవడమన్న అర్థం కూడా వుంది. లక్షణకర్త సరదాగానే అన్నాడేమోగాని, నిజమే చెప్పాడు.

ఈ ఆట గురించి మన మధ్య రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఇది సామ్రాజ్యవాదుల విషప్రచారం, విద్యార్థులు ముట్టుకోకూడదన్నది ఒకటి. ఇది వట్టి ఆట, పులి-మేకలాటకు వర్గ దృక్పథం వెతికినట్లు దీనికీ వెతకడం చాదస్తమన్నది రెండోది. ఈ రెండు వాదాల్లోనూ వున్న లోపం ఒకటే: రెండూ వస్తువును పరీక్షించడం లేదు. నవలను విమర్శించేవాడు అట్టమీది బొమ్మను చూసి తీర్పు చెప్పడు. పాత్రల మధ్య సంబంధాలను ఎలా నడిపాడో, ఎవరికి మాట ఇచ్చాడో, ఎవరి నోరు నొక్కాడో చూస్తాడు. ఆటకు ఆ కథనం నియమాల్లో వుంటుంది. ఏ పనికి ఎంత ఖర్చు, ఏ పనికి ఎంత ఫలం, ఏ నేరానికి ఎంత శిక్ష - ఈ పట్టికలోనే ఆట తాలూకు తత్వమంతా దాగి వుంది. తెరమీది దేవాలయాలూ, వాద్య సంగీతమూ దానిమీద కప్పిన పట్టుబట్ట. ఆ పట్టుబట్టను కాస్త తొలగించి చూపే ఎత్తుగడ ఒకటి ఆటగాళ్ళలో ప్రసిద్ధంగా వుంది. దాన్ని వాళ్ళు 'రష్' అంటారు. నేను తొలి దండయాత్ర అంటాను.

2005లో వచ్చిన నాలుగో రూపంలో ఈ ఎత్తుగడ లెక్క చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఆటలో శ్రమకు కొలమానం సుత్తి. సాధారణ వేగంతో ఆడే ఆటలో కొత్త ఊరు కట్టే గుంపును తయారు చెయ్యడానికి 100 సుత్తులు కావాలి. అది తయారయ్యేదాకా ఊరి జనాభా పెరగదు. గొడ్డలి వీరుడొకడికి 35 సుత్తులు చాలు. ఆరుగురికి 210. అంటే రెండు కొత్త ఊళ్ళకు పెట్టే ఖర్చుకు కాస్త పైన. కొత్త ఊరంటే ఏమిటి? ఒక గుడిసె, చుట్టూ బీడు. కాని ఆ ఆరుగురు పొరుగువాడి మీద పడి గెలిస్తే పెరిగిన ముఖ్యపట్టణమూ, దున్నిన పొలాలూ, వేసిన బాటలూ, ఖజానాలో బంగారమూ చేతికి వస్తాయి. పొలంలో పనిచేస్తున్న కూలీలు దొరికితే వాళ్ళూ మనవాళ్ళే. ఊరు కట్టడానికి బయలుదేరిన పొరుగు గుంపు దారిలో పట్టుబడితే, అదీ మన కూలీగా మారిపోతుంది. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు అందుకే ఊరు కట్టే శ్రమను పొరుగువాడికి వదిలేసి, గొడ్డళ్ళు తయారు చెయ్యమని కొత్తవాళ్ళకు బోధిస్తారు.

దీనికి సమయం ముఖ్యం. పొరుగువాడు దగ్గరగా వుండాలి. వాడికి రాగి దొరకకముందే, గోడలు లేవకముందే, వాడి విలుకాండ్రు ఇద్దరు ముగ్గురుగా వున్నప్పుడే దెబ్బ పడాలి. ఆలస్యమైతే ఇదే సైన్యం గోడల కింద చచ్చిపోతుంది. దూరపు ఊళ్ళను పట్టుకుంటే వాటి నిర్వహణ ఖర్చు ఖజానాను తినేస్తుంది కనుక ఎక్కడ ఆగాలో కూడా తెలిసివుండాలి. ఇంత గణితం వున్న ఎత్తుగడ గనకనే తెలివైన పిల్లలకు ఇది నచ్చుతుంది. ఆ తెలివిని నేను తక్కువ చెయ్యడం లేదు.

ఈ ఎత్తుగడకు తాళంచెవి 'కంచు పని' అనే విద్య. ఆ విద్య నేర్చిన వంతులోనే ఆటగాడికి నాలుగు వరాలు ఒకేసారి లభిస్తాయి. నేలలో రాగి ఎక్కడుందో కనిపిస్తుంది. గొడ్డలి వీరుణ్ణి తయారు చేసే వీలు కలుగుతుంది. అడవి నరికి ఆ కలపను సుత్తులుగా మార్చుకునే హక్కు వస్తుంది. బానిస వ్యవస్థను స్థాపించే అధికారమూ వస్తుంది. బానిస వ్యవస్థలో ఊరి జనంలో కొందరిని బలిపెట్టి చేస్తున్న పనిని తక్షణం ముగించవచ్చు. దీన్ని ఆటగాళ్ళు కొరడా అంటారు. జనాభాలో ఒక అంకె తగ్గితే 30 సుత్తులు వస్తాయి. అంటే ఒక జనసమూహం ప్రాణాల ఖరీదు ఒక గొడ్డలి వీరుడికి ఐదు సుత్తులు తక్కువ! లోహమూ, ఆయుధమూ, అడవి నరకడమూ, బానిసత్వమూ ఒకే ముడిలో వున్నాయని చెప్పడానికి మనం తరగతి గదిలో ఎంతో శ్రమపడతాం. ఆట ఒక్క మీటతో చెప్పేసింది.

ఇక్కడ ఆటకు న్యాయం చెయ్యాలి. మార్క్స్ 1867లో ప్రకటించిన 'పెట్టుబడి' మొదటి సంపుటం చివరి భాగంలో ఆదిమ సంచయం గురించి రాశాడు. కొందరు పొదుపరులు, కష్టజీవులు కనుక ధనికులయ్యారనీ, తక్కినవాళ్ళు సోమరులు కనుక పేదలయ్యారనీ బూర్జువా ఆర్థికవేత్తలు చెప్పుకునే నీతికథను ఆయన అక్కడ చీల్చి చెండాడాడు. ఆయన చెబుతున్నది పెట్టుబడిదారీ విధానం పుట్టుక గురించి. కంచు యుగం గురించి కాదు. అయినా ఆ నీతికథకు ఈ ఆటలో తావు లేదన్నది గమనించదగ్గ విషయం. రెండు వేల ఏళ్ళ తర్వాత గ్రంథాలయాలూ, విశ్వవిద్యాలయాలూ కట్టే ఆ మహా నాగరికతకు మూలధనం ఎక్కడినుంచి వచ్చింది? ఆరు గొడ్డళ్ళనుంచీ, పొరుగువాడి పొలంలో పట్టుకున్న కూలినుంచీ వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో రాజుల దిగ్విజయాల గురించి రాసినవారు ఇంత నిజాయితీగా ఏనాడూ రాయలేదు.

మరి అభ్యంతరమేమిటి? ఆట ఈ సత్యాన్ని చెప్పి, వెంటనే దాన్ని ప్రకృతి ధర్మంగా మార్చివేస్తున్నది. 'ఇలా జరిగింది' అన్న మాటకూ, 'ఇలాగే జరుగుతుంది, మరో దారి లేదు' అన్న మాటకూ మధ్య వున్న అగాధాన్ని నియమాల బలంతో పూడ్చివేస్తున్నది. ఈ పని మూడు విధాలుగా జరుగుతున్నది.

మొదటిది, ఆరంభాన్ని గురించిన అబద్ధం. ఆటలో అందరూ ఒకే రోజున, ఒకే రకమైన గుంపుతో, ఎవరికీ చెందని నేలమీద బయలుదేరుతారు. దీవిలో ఒంటరిగా పడిన రాబిన్సన్‌తో ఆర్థిక శాస్త్రాన్ని మొదలుపెట్టేవాళ్ళను మార్క్స్ వెక్కిరించాడు. ఇది రాబిన్సన్ కథకు పెద్ద ప్రతి. చరిత్రలో అటువంటి మొదటి వంతు ఎక్కడా లేదు. మన పక్కనే వున్న ఉదాహరణ చూద్దాం. జగిత్యాలకు దగ్గరలోని నేటి పొలాస ఒకనాడు పొలవాస. ఒక రాజ్యానికి కేంద్రం. కాకతి రుద్రదేవుడు పొరుగు రాజులైన దొమ్మరాజునూ, మేడరాజునూ ఓడించి పొలవాస దేశాన్ని పట్టుకున్నాడని 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెబుతున్నది. కాకతీయులు స్వతంత్రులైన తొలినాళ్ళు అవి. పొరుగువాణ్ణి ముందుగా కొట్టి ఎదిగిన రాజ్యం ఇదేనని మన ఆటగాడు సంబరపడవచ్చు. కాని అంతకు ముందు కాకతీయులు కల్యాణి చాళుక్యులకు తరతరాలుగా సామంతులు. హనుమకొండ ప్రాంతం వాళ్ళకు చాళుక్యుల కొలువులో దక్కింది. కల్యాణిలో కలచురి బిజ్జలుడు అధికారం కాజేసి, చాళుక్య ప్రాభవం చెదిరిన కాలంలో రుద్రదేవుడు విజృంభించాడు. ఆ రాజ్యానికి తిండి పెట్టినవి చెరువులు. చెరువులు తవ్వినవి జనం చేతులు. ఇంత పెద్ద గొలుసులో ఒక లంకెను తీసి 'తొలి దెబ్బ' అని పేరు పెడితే, అది చరిత్ర ఎలా అవుతుంది?

పొలవాసకూ వెనక్కు పోదాం. అదే జగిత్యాల జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల వుంది. అక్కడ శాతవాహన చిముకుని నాణాలతోపాటు గోబద, నారన వంటి మరికొందరు రాజుల నాణాలు కూడా దొరికాయి. వాళ్ళు చిముకునికి ముందువాళ్ళని చరిత్రకారులు భావిస్తారు. మన పాఠ్యపుస్తకం మొదటి పుట అనుకున్న శాతవాహనుల కింద కూడా మరో పుట వుందన్నమాట. నేల ఎన్నడూ ఖాళీగా లేదు.

రెండవది, మనుషులను గురించిన అబద్ధం. ఆటగాడి చూపు సోకని చీకటి నేలలోనుంచి 'అనాగరికులు' పుట్టుకొస్తారు. వాళ్ళకు నాయకుడు లేడు, రాయబారం లేదు. వాళ్ళను చంపితే అనుభవం వస్తుంది, పాపం రాదు. మన గోదావరి ఒడ్డున నిలబడి ఉత్తరంగా చూస్తే ఆ చీకటి నేల ఎవరిదో తెలుస్తుంది. చాందాలో శతాబ్దాల తరబడి రాజ్యమేలిన గోండులు, అడవి మీద హక్కు కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం పుట్టిన జాతి, ఆ పటంలో పేరులేని ఎర్రచుక్కలౌతారు. ఇక మన విషయం. నాలుగో రూపంలో ప్రతి దేశానికీ ఒక ప్రత్యేకతను ఇచ్చారు. రోముకు ప్రెటోరియన్ సైనికుడు, పర్షియాకు ఇమ్మోర్టల్ ఆశ్వికుడు. భారతదేశానికి ఏమిచ్చారో తెలుసా? వేగంగా నడిచే కూలి! ఇది అవమానమని కొందరు విద్యార్థులు కోపగించుకున్నారు. నేను కోపగించుకోను. దేశానికి గర్వకారణం కత్తి పట్టినవాడు కాక, పని చేసేవాడైతే తప్పేమిటి? తప్పు మరోచోట వుంది. ఆ కూలి రోడ్డు వేస్తాడు, గని తవ్వుతాడు, శత్రువుకు చిక్కితే శత్రువు రోడ్డు వేస్తాడు. 'నేను వెయ్యను' అనే మీట అతనికి లేదు. గల్ఫుకు కూలీలను పంపుతున్న ఊళ్ళలో కూచుని ఈ ఆట ఆడే యువకుడు గమనించవలసింది ఆ లేని మీటను.

మూడవది, జ్ఞాపకాన్ని గురించిన అబద్ధం. ఇదే అన్నింటికంటె ప్రమాదకరమైనది. కొరడా ఝళిపించినప్పుడు ఊళ్ళో అసంతృప్తి పుడుతుంది. అది పది వంతులు వుండి పోతుంది. ఆట తొలి దశలో ఒక వంతంటే 40 ఏళ్ళు. పది వంతులంటే 400 ఏళ్ళు. పంచాంగం ప్రకారం చూస్తే ఈ జనం నాలుగు శతాబ్దాలు అన్యాయాన్ని మరిచిపోరు. కాని ఆటగాడి గడియారంలో అది కొద్ది నిమిషాలు. కోపంగా వున్న పౌరుడు పని మానేస్తాడు, తిండి మాత్రం తింటాడు. అంతకుమించి అతనికి చరిత్ర లేదు. ఇంకో నియమం మరీ కఠోరమైనది. పట్టుకున్న ఊళ్ళో పాత రాజ్యపు సంస్కృతి మిగిలివుంటే, మా దేశంలో కలుస్తామనే అసంతృప్తి కొనసాగుతుంది. అయితే ఆ పాత రాజ్యాన్ని పటంలో పూర్తిగా తుడిచివేస్తే ఆ అసంతృప్తి కూడా మాయమౌతుంది! సగం చంపడంకంటె పూర్తిగా చంపడం లాభసాటి అన్నమాట. రాజ్యం లేనివాడికి జ్ఞాపకం లేదన్నది ఆట సిద్ధాంతం.

ఈ సిద్ధాంతాన్ని ఖండించడానికి జగిత్యాల, సిరిసిల్లలకంటె మంచి సాక్షులు ఎక్కడ దొరుకుతారు? ఇక్కడి దొరలు ఊరుమ్మడి భూములనూ, బంజర్లనూ ఎన్నడో ఆక్రమించారు. వెట్టి చేయించారు, దండుగలు వసూలు చేశారు. అదీ ఒక తొలి దండయాత్రే. గోడలు లేనివాడి మీద, కాగితం చేతిలో లేనివాడి మీద ముందుగా పడిన దెబ్బ. ఆట లెక్క ప్రకారం పది వంతులకు అంతా సద్దుమణగాలి. కాని ఏం జరిగింది? 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం వచ్చినా వెట్టి పోలేదని తెలిసిన జనం 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాదిగా జైత్రయాత్ర చేశారు. ఆక్రమించిన భూములు వదలమన్నారు, తీసుకున్న దండుగలు తిరిగి ఇమ్మన్నారు, కూలిరేట్లు పెంచమన్నారు. ఊళ్ళల్లో దొరల గడీలకు చాకలి, మంగలి పనులు బందుపెట్టారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఉద్యమం ఎంచుకున్న మార్గం గురించి ఈ పత్రిక పాఠకుల్లో భిన్నాభిప్రాయాలు వుండవచ్చు. కాని రాజ్యం లేనివాళ్ళకూ జ్ఞాపకం వుంటుందన్న విషయంలో వుండడానికి వీలులేదు. కూలి చేతిలో 'నేను చెయ్యను' అనే మీట వుందని ఆ ఏడు ఇక్కడి జనం నిరూపించారు.

ఆటగాళ్ళు చెప్పే ఒక సమర్థనను కూడా పరిశీలించాలి. కఠినమైన స్థాయిల్లో యంత్రం నడిపే రాజ్యాలకు మొదటినుంచే అదనపు బలగం ఇస్తారు. అంచేత తొలి దండయాత్ర బలహీనుడి ఆయుధమని వాళ్ళ వాదం. వినడానికి విప్లవాత్మకంగానే వుంది. కాని దెబ్బ ఎవరి మీద పడుతున్నది? పటంలో అందరికంటె బలవంతుడి మీద కాదు; దగ్గరున్నవాడి మీద, గోడలు లేనివాడి మీద. పైవాడు ఎక్కువ తెచ్చుకున్నాడని పక్కవాణ్ణి కొట్టడం తిరుగుబాటు కాదు. ప్రతి చిన్న దొరా పెద్ద దొరను చూపించి ఇదే వాదన చేశాడు.

ఆటను తయారు చేసినవారికి ఈ సందేహాలు తట్టలేదని నేను అనను. తర్వాతి రూపాల్లో దురాక్రమణకు అపకీర్తి అనే శిక్ష పెట్టారు. కాని 2016లో ఆరో రూపం వచ్చినప్పుడు ప్రాచీన యుగంలో చేసిన యుద్ధానికి ఆ అపకీర్తి లేదు. తొలి దండయాత్ర చేసినవాడు నిర్దోషి. ఆలస్యంగా చేసినవాడే దోషి! వలసరాజ్యాలు ముందుగా సంపాదించుకున్న దేశాలు తర్వాత శాంతి గురించి ప్రపంచానికి చేసిన ఉపన్యాసాలన్నీ ఈ ఒక్క నియమంలో ఇమిడి వున్నాయి. 2018లో ఆ ఆటలో కెనడాకు చెందిన క్రీ జాతిని, పౌండ్‌మేకర్ అనే వారి నాయకుణ్ణి చేర్చారు. గౌరవించామని తయారీదారులు అనుకున్నారు. కాని ఆ జాతి పెద్దల్లో ఒకరైన మిల్టన్ టూటూసిస్ దాన్ని బహిరంగంగా విమర్శించాడు. ఇతరులను జయించి నేల ఆక్రమించడం తమ జాతికి కూడా ఆదర్శమే అన్నట్లు ఇది చూపుతున్నదని ఆయన బాధ. ఓడినవాడికి పటంలో చోటిచ్చినంత మాత్రాన సరిపోదు. ఆట నియమం విజేతదే అయినప్పుడు, ఆ చోటు కూడా విజేత వేషమే అవుతుంది.

అయితే ఉపాధ్యాయులు ఏం చెయ్యాలి? నిషేధించడం చేతకాని పని, చెయ్యదగని పని కూడా. నా సూచన ఇది. విద్యార్థుల చేత ఆట ఆడించండి. తొలి దండయాత్రతోనే ఆడించండి. గెలిచిన తర్వాత కాగితం ఇచ్చి మూడు లెక్కలు రాయించండి. మీ సంపదలో మీ ఊరి శ్రమ ఎంత, పట్టుకున్నది ఎంత? మీ కొరడా కింద తగ్గిన జనాభా ఎంత? ఓడిన ఊళ్ళో అసంతృప్తి పోవడానికి నిజంగా ఏం మారింది - భూమి తిరిగి ఇచ్చారా, గడియారం తిరిగిందా? ఆ తర్వాత వాళ్ళను పొలాసకు తీసుకుపోయి, గెలిచినవాడి శాసనంలో మేడరాజు పొలాలు దున్నిన రైతు పేరు ఎందుకు లేదో అడగండి.

ఆ విద్యార్థి అన్న మాటలో మొదటి సగం, అంటే ముందుగా కొట్టినవాడికి రాజ్యం దక్కిందన్నది, చాలా చోట్ల నిజం. చరిత్రంతా అంతే అన్న రెండో సగం మాత్రం దెబ్బ కొట్టినవాడు రాసిన నియమం. దెబ్బ తిన్నవాడు ఆ నియమాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకుని వుంటే వెట్టి నేటికీ నడుస్తూనే వుండేది, ఆ విద్యార్థి ఏ దొర గడీలోనో నీళ్ళు మోస్తూ వుండేవాడు.